లాక్రోస్ వారి వెండి కిరీటం

శనివారం పొద్దున్నే కర్ణాటకలోని తెలుగు ఊరు పరగోడులో ఆంజనేయస్వామికి తమలపాకుల మాల వేయించి, ఇంటికొచ్చి కాఫీ తాగాలన్నది మునియప్ప ఆలోచన. అంతకు మించి ఏమీ లేదు. గుడి కమిటీకి ఆయనే అధ్యక్షుడు కాబట్టి మాల ఆయన చేతుల మీదుగానే వెళ్ళాలి. కాఫీ మాత్రం భార్య చెన్నమ్మ చేతుల మీదుగా రావాలి.

మాల వేయించి వచ్చాడు. కాఫీ వచ్చేలోగా కన్నడ పేపర్లో అక్క కొడుకు తేజస్ ఫోటో కనిపించింది. బెంగళూరులో కొత్తగా మొదలైన లీగ్‌లో లాక్రోస్ అనే ఆట ఆడుతున్నాడట. ప్రొఫెషనల్ ఆటగాడని రాశారు. చేతిలో పొడుగాటి కట్టె, దాని చివర చిన్న వల.

"చూస్తివా? క్రికెట్టోళ్ళు బ్యాటు పట్టుకొనే కోట్లు తెస్తాండారు. మనోడి కట్టె దానికంటే పొడుగు. పైగా వల కూడా ఉండాది!"

"వల ఉండేది చేపలు పట్టేదానికి. ముందు పిల్లోన్ని ఒక మాట అడగల్ల కదా?" అంది చెన్నమ్మ.

"సొంత మేనల్లుణ్ణి జీతమెంతని అడిగితే బాగుంటాదా?"

బాగుండదని అడగలేదు. కాఫీ తాగి మళ్ళీ గుడికి వెళ్ళి, స్వామి ఎదుట, నలుగురి ముందు మాటిచ్చేశాడు: "మా తేజస్ స్వామికి వెండి కిరీటం చేయిస్తాడు. చేయించకుంటే ఈ అధ్యక్షుడి కుర్చీ నాకొద్దు!" భక్తిలో ఇదొక సౌకర్యం. మొక్కు మనది, ఖర్చు ఇంకొకరిది.

మన ఊళ్ళలో దానం కంటే దాత పేరు ముందు వస్తుంది. ట్యూబులైటు ఇచ్చినా వెలుతురు బయటికి రానంత పొడుగు పేరు రాయిస్తాం. ఆ వారంలోనే బాగేపల్లి నుంచి రాళ్ళు చెక్కే నాగేశ్ నల్లరాయి చెక్కి తెచ్చి గుడి గోడకు సిమెంటుతో బిగించాడు: "వెండి కిరీట దాత, శ్రీ తేజస్, లాక్రోస్ క్రీడాకారులు." అక్షరాలు తళతళలాడాయి. కిరీటం ఒక్కటే తక్కువ. రాయి చదివిన పాల డైరీ కార్యదర్శి రవీంద్ర కొత్త షెడ్డు కోసం అర్జీ రాసుకున్నాడు. హెడ్మాస్టరు బడి గేటు కోసం ఇంకొకటి రాసుకున్నారు. తేజస్‌కు సన్మానమని మాత్రమే ఫోన్ చేశారు. కిరీటం సంగతి తెలిస్తే సంతోషం పట్టలేడని దాచారు.

మరుసటి శనివారం తమట డప్పులు మోగుతుండగా తేజస్ ప్రభుత్వ బస్సు దిగాడు. కట్టెను ఎరువుల సంచిలో చుట్టుకొని వచ్చాడు.

"కారు యాడప్పా?" అన్నాడు మునియప్ప.

"కారా? బస్సులోనే వస్తి మామా. పొద్దున బడిలో పీటీ మాస్టర్ని, సాయంత్రం ఆట. ఆట జీతం బూట్లకూ బస్సుకూ సరిపోతాది."

సన్మానానికి తెచ్చిన మైసూరు పేట తలపాగా పట్టుకున్న మునియప్ప చేతులు గాలిలోనే ఆగాయి. "ప్రొఫెషనల్ అని పేపర్లో రాసిరే!"

"జీతమిస్తారు కాబట్టి అట్ల రాసిరి. ఎంతిస్తారో రాయలేదు."

"అంత తక్కువ ఏలప్పా? నువ్వు సరిగా ఆడవా?" అన్నాడు రవీంద్ర, అర్జీ జేబులోకి తోసుకుంటూ.

"బాగానే ఆడతానన్నా. చూసేవాళ్ళే లేరు. పోయిన మ్యాచికి నూటముప్పై మంది వచ్చిరి. దాంట్లో నలభై మంది ఆడేవాళ్ళ చుట్టాలే. జనం లేకుంటే టీవీ రాదు, టీవీ లేకుంటే ప్రకటనలు రావు. ఇంక జీతం యాడనుంచి వస్తాది?"

చింతామణి మండీలో టమాటా పారబోసి వచ్చినవాళ్ళకు ఇంతకంటే వివరించనక్కరలేదు. "కాయ ఎర్రగా ఉంటే సాలదు, కొనేవాడు ఉండల్ల," అన్నాడొక రైతు.

"స్వామికీ అంతే నాయనా," అన్నారు అర్చకులు. "జనం పోయే కొండమీది ఆంజనేయుడికి బంగారం. ఈడ ట్యూబులైటు."

ఇద్దరూ ఒకే స్వామి కదా అని ఎవరికో అనిపించింది.

మునియప్పకు మాత్రం కుర్చీ కళ్ళముందు కదిలింది. "ఈ రాయి పీకేద్దామా?" అని నాగేశ్ చెవిలో అడిగాడు.

"పీకితే గోడ కూడా వస్తాది," అన్నాడు నాగేశ్, తన పనికి తానే మురిసిపోతూ.

"కిరీటం మాట అన్నోళ్ళ కొట్టంలోనే వెతకల్ల," అంది చెన్నమ్మ.

పై వారం మునియప్ప తన కొట్టంలోని రెండు సీమావులను సంతకు తోలి అమ్మేశాడు. కిరీటం వచ్చింది, స్వామికి చక్కగా కుదిరింది, కుర్చీ నిలిచింది. రాతి మీద ఇంకొక పేరుకు చోటు లేకపోయింది.

గుడికొచ్చి ఆ రాయి చదివిన మంచేనహళ్ళి ఊరి తండ్రులిద్దరు తమ కొడుకులను క్రికెట్ మాన్పించి, వల ఉన్న కట్టెలు కొనిచ్చారు.