నీలం పెట్టెలో నిమ్మరసం

పెళ్లై నలభై రెండు రోజులైంది. ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్తకు రెండు చెంచాల జలుబు మందు పట్టించడం, నిమ్మరసం కలపడం, ఒక పూట సెలవు పెట్టి ఆయన పరుగు కళ్లారా చూడడం.

ఆటగాళ్లు ఉత్తేజక మందులు మింగారేమో పరీక్షించే కార్యాలయంలో ఆమె ఉద్యోగం. పరీక్షలు చేసేది వేరేవాళ్లు. ఆమె పట్టికలు నింపుతుంది. ఏ ఆటలో ఎందరు దొరికారు, కావాలని మింగారా, తెలియక మింగారా, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. బరువులెత్తేవాళ్లు మొదటి వరుస, గుండు విసిరేవాళ్లు రెండోది, పరిగెత్తేవాళ్లు మూడోది. ఏళ్ల తరబడి అదే క్రమం, బడి హాజరుపట్టీలా.

భర్త నీటి సరఫరా శాఖ తరఫున ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తుతాడు. ఎప్పుడూ చివరనే వస్తాడు కనుక మైదానంలో అందరూ రైలు చివరి పెట్టెతో పోల్చి "గార్డు పెట్టె" అంటారు. ఈసారి మొదటి ముగ్గురిలో రాకపోతే జట్టులోంచి తీసేసి, రెండు వందల కిలోమీటర్ల అవతలి పంపుహౌసుకు బదిలీ చేస్తామని పై అధికారి చెప్పేశాడు. కొత్త కాపురం నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

"చేదుగా ఉంటుందేమోనండీ," అంది చెంచా అందిస్తూ.

"నువ్విస్తే చేదేమిటి, నిన్నటిదీ అమృతమే. నువ్వెళ్లి పెట్టె సర్దుకో. నేనిలా కిటికీ దగ్గర నిలబడి నెమ్మదిగా తాగుతాను."

ఆ మాటకే మురిసిపోయి ఆమె వంటింట్లోకి వెళ్లింది. ఫ్లాస్కు ముందురోజే పగిలింది. అందుకని ఆఫీసులో మూల పడున్న, ఆటగాళ్ల నమూనా సీసాలు మోయడానికి తెచ్చిన నీలం ఐసుపెట్టెను అడిగి తెచ్చుకుంది. చలిగా ఉందని ఆఫీసు కోటు తొడుక్కుంది. వీపు మీద కార్యాలయం పేరు అరచేయంత అక్షరాలతో ఉన్న సంగతి, ఎవరి వీపు వాళ్లకు కనబడదు కాబట్టి, ఆమెకు తట్టలేదు.

మైదానం గేటులో అడుగుపెట్టగానే ఎవరో "వచ్చేశార్రా" అన్నారు. ముందు బరువులెత్తేవాళ్ల హాల్లో ఇనుము దబ్బున పడింది. జన్మలో పరిగెత్తనివాళ్లు నలుగురు ఆమె పక్కనుంచి గాలిలా పోయారు. తర్వాత గుండు విసిరేవాళ్లు. ఆ తర్వాత పరుగువాళ్లు. ఒకడికి కాలు పట్టేసింది; ఆ కాలితోనే పరిగెత్తి వెళ్లిపోయాడు. ఒకడికి నాయనమ్మ పోయిందని ఫోనొచ్చింది. ఫోను మాత్రం వాడి సంచీలోనే ఉంది. పట్టికలో ఏ క్రమం ఉందో గోడ దూకడంలోనూ అదే క్రమం. ఆమెకు ఒక్క క్షణం ముచ్చటేసింది కూడా.

వెంటనే తేరుకుని, మిగిలిన ఇద్దరికీ అడ్డం వెళ్లింది. "బాబూ, నేను పరీక్షకి రాలేదు. మా ఆయన కోసం వచ్చాను."

"మొగుణ్ణే పట్టుకోడానికొచ్చిందిరా. మనల్నొదుల్తుందా," అన్నాడు ఒకడు.

"కాదు బాబూ, కావాలంటే చూడండి," అంటూ మూత తీసి సీసా పైకెత్తింది. లోపలి పసుపు రంగు చూడగానే ఆ ఇద్దరూ గోడ అవతల పడ్డారు.

గీత దగ్గర గార్డు పెట్టె ఒక్కడే మిగిలాడు. ఈల పట్టుకున్న పెద్దాయన నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. "ఇంతమంది ఉండాలని ఎక్కడా లేదు. పరిగెత్తవయ్యా," అన్నాడు. అతను, ముందు ఎవరి వీపూ లేక దారి తెలియనివాడిలా రెండు చుట్లూ తిరిగి, జీవితంలో మొదటిసారి మొదటివాడిగా వచ్చాడు. ఆమె చప్పట్లు అరగంట మోగేవే.

కానీ ఈలోగా పోటీల కార్యదర్శి ఆమె ఆఫీసుకు ఫోను చేశాడు. "మీ అమ్మాయొక్కతే చాలడం లేదండీ, అందరూ పారిపోతున్నారు. మీరూ రండి." ఆమె పై అధికారి అసలు పెట్టెతో దిగాడు. పరీక్షించడానికి ఆయనకు మిగిలింది ఒకే ఒక్క విజేత.

సీసా నింపించుకుని, కాగితం తీశాడు. "ఈ వారంలో మందులేమైనా వాడావా?"

"లేదండి."

ఆమె పట్టికలో "తెలియక మింగినవాళ్లు" అన్న గడిలో సగం మంది జలుబు మందు తాగినవాళ్లే. ఆ గడి నింపిన చేత్తోనే చెంచా అందించింది. నన్ను కాపాడాలని అబద్ధమాడుతున్నారు, దానికి ఇంకో శిక్ష, అనుకుంది.

"ఉంది సార్. జలుబు మందు. మూడు రోజులుగా పూటకి రెండు చెంచాలు, నేనే పోశాను." కళ్లలో నీళ్లు తిరిగాయి. బదిలీ సంగతి అటుంచి, రెండేళ్ల నిషేధం.

భర్త తన బూట్లకేసి చూశాడు. "అది… తాగలేదే."

"ఇవాళా?"

"ఇవాళా, నిన్నా, మొన్నా. కిటికీ బయట కుండీలో పోశాను."

"మరి అమృతం అన్నారు?"

"నువ్వు బాధపడతావని."

అధికారి కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. "దీనికి మా కాగితంలో గడి లేదమ్మా. మీరు ఇంటికెళ్లి తేల్చుకోండి."

రెండు వారాలకు ఫలితం వచ్చింది: ఏ మందూ లేదు. బదిలీ ఆగింది. గోడ దూకినవాళ్ల పేర్లన్నీ కార్యదర్శి దగ్గర తీసుకున్న అధికారి ఒక్కొక్కరింటికీ పెట్టెతో వెళ్తున్నాడు. ఆమె పట్టికలో మూడు వరుసలూ నిండుతున్నాయి.

కిటికీ బయట కుండీలో మొక్క మాత్రం జానెడు పెరిగి చువ్వ పట్టుకుంది. దాన్ని ఏ ఆట కింద రాయాలో ఆమెకు ఇంకా తేలలేదు.