ప్రెసిడెంటుగారి మైకు సెట్టు

లౌడ్‌స్పీకర్‌ని మించిన మహోపకారి ఉందా? మనకు గిట్టని మాటను మర్యాదగా ముంచేస్తుంది. నోరు నొక్కామన్న నిందా రాదు! నమ్మరా? అరవై ఒకటిలో పొదిలి దగ్గర ఒక ఊళ్లో జరిగింది వినండి.

పంచాయతీ ప్రెసిడెంటు చలమయ్యగారు మైకు సెట్టు తెప్పించారు. పత్తికి పురుగుమందు, మిరపకు ఎరువు, పెళ్లి, చావు... అన్నీ అందులోనే! ఆ హోరుకు గొడ్లు పలుపులు తెంచుకునేవి. ఆయన రెండేళ్ల మనవరాలు మాత్రం హారన్ కిందే హాయిగా నిద్రపోయేది.

"పిల్లకు వినపడటంలా" అని కోడలు పున్నమ్మ ఏడాదిగా మొత్తుకుంటోంది.

"కడుపుతో ఉండి గ్రహణం చూశావు. అనుభవించు!" అన్నారు మామగారు.

చూడలేదని ఆమెకు తెలుసు. అయినా ఏ కిటికీలోంచో కన్ను పడిందేమోనని లోలోపలే కుమిలిపోయేది.

లైబ్రరీ వార్షికోత్సవానికి గుంటూరు నుంచి జువాలజీ లెక్చరర్ రాఘవులుగారు వచ్చారు. పొదిగే గుడ్లలోని పిండాలను మైక్రోస్కోపులో చూసే మనిషి. "చెవి మొదట చర్మం మీద చిన్న మచ్చేనండి. పక్కనున్న మెదడు కణాల నుంచి ఏదో రసాయనం కబురులా వస్తుంది. దాని పేరు మాకింకా తెలియదు. అది అందితే ఆ మచ్చ గుంటై, తిత్తై, నత్తగుల్లలా చుట్టుకుంటుంది. అందకపోతే చెవి సరిగా తయారవదు" అన్నారు.

ఆడవాళ్లలోంచి పున్నమ్మ లేచింది. "అందకపోతే తప్పు తల్లిదా అండీ? గ్రహణం చూస్తే అట్టా అవుద్దా?"

"ఒరేయ్ గౌసూ, రికార్డు వెయ్యరా!" అని అరిచారు చలమయ్యగారు. మైకు సెట్టు నడిపే గౌస్ బాషా పాట వేశాడు. రాఘవులుగారి పెదాలు కదిలాయి. జవాబు పాటలో కొట్టుకుపోయింది. ప్రగతి అంటే ఇదీ!

పున్నమ్మ తిన్నగా స్టేజీ ఎక్కి, రికార్డు మీది ముల్లు ఎత్తేసింది. "మళ్లీ చెప్పండి."

"గ్రహణానికీ దానికీ సంబంధం లేదమ్మా. నీ తప్పేం లేదు. పిల్లను గుంటూరు తీసుకురా, చెవుల డాక్టరుకు చూపిద్దాం."

ఊరంతా విన్నది. చలమయ్యగారు మాత్రం పక్కవాణ్ణి అడిగారు, "ఏమన్నాడు?"

ఆ వారమే పున్నమ్మ పిల్లను ఎత్తుకుని బస్సెక్కింది. డాక్టరు పరీక్షించి, కాగితం మీద రాసుకుంటూ అడిగాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా చెవుడుందా?"

"మా మామగారికుందండి. పుట్టుకతో కాదు, ప్రెసిడెంటయ్యాక."