అజార్కో అప్‌డేట్ విజయము

ఎడారి దిక్కునుండి పొడిగాలి బయలుదేరి, పెదవులను పగులగొట్టి, ఉతికిన బట్టలను గడియలో ఆరబెట్టి, ఆరిన బట్టలను మరుగడియలో మాపు జనవరి మాసమున, ఒక దూరదేశమున, పూసల సంతకు పేరెన్నికగన్న కొఫొరిడువా పురమున, సంత సాగు గురువారమునాడు, ఉదయము తొమ్మిది గంటల పది నిమిషములకు ఒక మహాసంగ్రామమునకు బీజము పడెను. అందు రక్తము చిందలేదు. ఒక గ్లాసు మంచినీళ్ళు మాత్రము చిందెను. అయినను ఓపిక గలవారలారా, వినుడు.

ముప్పదియొక్క సంవత్సరములు భౌతికశాస్త్రము బోధించినవాడును, పరీక్షశాలలో చొక్కా మడతలోని చీటీని ఇరువది అడుగుల దూరమునుండి పసిగట్టిన డేగకన్నువాడును, ఆ వీధి సమస్త యంత్రములకు విమర్శకాగ్రేసరుడును అగు అజార్కో మాస్టారు ఈ కథకు నాయకుడు. ఆయన భార్య అఫ్రాకోమా గతించి ఆరేండ్లు. ముంగిటి గదిలో ఆయన కంప్యూటరు కలదు. దానికి ఆమె అల్లిన పసుపుపచ్చ ముసుగు కలదు. ఆ ముసుగు తీయుట, మడచుట, మరల కప్పుట ఆయనకు నిత్యానుష్ఠానము.

యంత్రములపై ఆయన అభిప్రాయములు వీధిలో అందరికిని కంఠస్థము.

"తోక లేని మౌస్ కొనకండి. తోక లేని ఎలుక ఎటు పోయిందో ఎవరికి తెలుస్తుంది?" అనెడివారు. "మీ ఫైళ్ళు మబ్బులో దాస్తామంటారు. మబ్బులో దాచింది వాన పడేదాకానే ఉంటుంది" అనెడివారు. ఫైలుకు నకలు తీసి మరొకచోట ఉంచుకొమ్మని ఎవరైన చెప్పిన, ఆయన ముక్కుపుటములు అదరెడివి. "ముప్ఫై ఒక్క ఏళ్ళు కాపీలు పట్టుకున్నవాణ్ణి. ఇప్పుడు నేనే కాపీ కొట్టనా?"

అన్నిటికంటె ప్రసిద్ధమైనది అప్‌డేటును గూర్చిన సూక్తి: "అది స్నానం లాంటిది. రేపు చేస్తానన్నవాడి దగ్గర ఇవాళ వాసన వస్తుంది."

ఒక్క యంత్రమును మాత్రము ఆయన నోరార నిందించెడివారు. అది కరెంటు పోయినప్పుడు కంప్యూటరును నాలుగు నిమిషములు నిలబెట్టు యూపీఎస్. పోరి దానిని కొనిపించినది అఫ్రాకోమా. "నాలుగు నిమిషాలకి ఇంత బరువా? అరిచే ఇటుక" అని ఆయన ఆనాడు ఎగతాళి చేయగా, "నాలుగు నిమిషాలంటే తక్కువేం కాదు. గుడ్డు ఉడుకుతుంది" అని ఆమె బదులు చెప్పినది. ఆమె పోయిన తరువాతను ఆయన దానిని అరిచే ఇటుక అనుట మానలేదు. రెండేండ్లకొకమారు దానిలోని బ్యాటరీ మార్పించుటయు మానలేదు. ఎందుకని ఎవరును అడుగలేదు.

ఆ గురువారమున ఆయన ఎదుట కూర్చున్నది సెర్వా. పక్క సందులో పులిసిన మొక్కజొన్న పిండిని తెడ్డుతో కలియబెట్టి, ముద్దలు చేసి, ఆకులలో చుట్టి ఉడికించి కెంకే అమ్మునది. మోచేతినుండి మణికట్టువరకు ఇనుపకడ్డీవంటి చేయి గలది. నలుబదియొక్క ఏండ్లు అదే పని చేసిన ఆమె తల్లి పొకువా గతించెను. అంత్యక్రియలు శనివారమున. వచ్చినవారికి పంచు పుస్తకములో తల్లి జీవితచరిత్ర ఉండవలెను. అచ్చు వేయువాడు గురువారము పన్నెండు దాటిన తీసుకొనడు. సెర్వాకు వ్రాత రాదు. నాలుగు ఉదయములు ఆమె చెప్పినది, మాస్టారు టైపు చేసిరి. ఇంక ఒక్క వాక్యము మిగిలినది. అది ఆమెకు తట్టుటలేదు.

అట్టి సమయమున తెర మూలనుండి ఒక చిన్న గడి లేచి ఇట్లు ప్రశ్నించెను: అప్‌డేట్ ఇప్పుడా, తర్వాతనా?

"తర్వాత అనండి మాస్టారూ" అనెను సెర్వా. "పదింటికి మన వీధికి కరెంటు కోత. లిస్టులో ఉంది."

అజార్కో ఆమెను చూచిరి, గడిని చూచిరి. వీధి వీధంతయు తన సూక్తిని ఎరుగును. సాక్షి ఎదుట కూర్చుండగా "తర్వాత" అని నొక్కువాడు రేపటినుండి ఏ ముఖముతో ఉపన్యసించును?

"కొద్ది నిమిషాలే అంటోంది. పది ఎక్కడ, తొమ్మిదీ పది ఎక్కడ?" అని పలికి, విల్లెక్కుపెట్టిన ధనుర్ధారివలె చూపుడువేలు ఎత్తి, "ఇప్పుడే"పై విడిచిరి.

తెర నీలవర్ణము దాల్చెను. నడుమ చుక్కల చక్రము తిరుగసాగెను. విష్ణుచక్రమైనను శత్రుశిరస్సు ఖండించి వెనుకకు మరలును. ఇది దేనిని ఖండింపదు, ఎచటికిని మరలదు. నూటికి మూడు అనెను. నూటికి తొమ్మిది అనెను. తొమ్మిదిన్నరకు నూటికి ఇరువదియేడు వద్ద, బురదలో కూరుకొనిన రథమువలె నిలిచిపోయెను.

"మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది?" అనెను సెర్వా.

మాస్టారు మంచినీళ్ళ గ్లాసు అందుకొనబోయి ఒలికించిరి. పైన చెప్పబడిన నీరు ఇదియే.

"మాస్టారూ, మా అమ్మ మాటలు ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"లేవు."

"కాగితం మీద?"

"లేవమ్మా."

సెర్వా కేకలు వేయలేదు. "మొదటిసారి ఏడ్చి చెప్పాను. మళ్ళీ చెప్పమంటే చెప్తాను గానీ, అప్పచెప్పినట్టుంటుంది" అనెను. తిట్టిన బాగుండెడిదని అజార్కోకు తోచెను. పరీక్షశాలలో ఎందరినో తలవంచుకొని నిలబెట్టిన ఆయనకు, అట్లు నిలబడుట ఎట్లుండునో అరువదియెనిమిదవ ఏట తెలియవచ్చెను.

అంతలోనే ఆమె లేచి పొరుగున ఉన్న డాంకో దుకాణమునకు పరుగెత్తెను. గడ్డకట్టిన చేపలు అమ్మువాడును, వీధిలో ఏకైక జనరేటరునకు ప్రభువును, తొందర అను గుణమును పుట్టుకతోనే త్యజించినవాడును అగు డాంకో పండ్లు కుట్టుకొనుచు వినెను.

"జనరేటర్ నా చేపలకి అక్కా. కంప్యూటర్లకి కాదు."

"మా అమ్మ చేతి కెంకే తినే కదరా ఈ పొట్ట పెంచావు! ఆవిడ సంగతులు అందులో ఉన్నాయి. అవి పోతే శనివారం శవం పక్కన నిలబడి నువ్వే చదువుతావా?"

డాంకో పొట్టను చూచుకొనెను. అది కాదనలేని సాక్ష్యము. "అరగంట చేపలు ఓర్చుకుంటాయిలే" అని, చుట్టలు చుట్టిన తీగను భుజమున వేసికొని, మురుగుకాలువ దాటించి, అరుగు ఎక్కించి, గుమ్మమువరకు లాగెను. అచట తీగ అయిపోయెను. మాస్టారి బల్లకు, తీగ కొనకు నడుమ మూడు జానల దూరము.

"పొట్టిదైంది" అనెను డాంకో. "పెట్రోలు కూడా అడుగంటింది. మాస్టారూ, కొన పట్టుకోండి. మెరెబా."

మెరెబా అనగా వస్తున్నానని. మన దేశమునందువలెనే ఆ దేశమునను పోవువాడెవడును పోవుచున్నానని చెప్పడు; వస్తున్నానని చెప్పియే పోవును. ఎప్పుడు వచ్చునో ఆ మాటలో ఉండదు. వాడు గంటకు రావచ్చును, పండుగకు రావచ్చును. ఆ ఊరనే పుట్టి పెరిగిన అజార్కో, కంగారున ఆ మాటను ఉన్నదున్నట్లు నమ్మి, తీగ కొనను రెండు చేతుల పట్టుకొని గుమ్మమున నిలిచిరి. ఒక నిమిషము నిలిచిరి. ఏడు నిమిషములు నిలిచిరి.

"మాస్టారూ, వాడు మెరెబా అన్నాడు" అనెను సెర్వా.

"విన్నాను. వస్తున్నాడు."

"మాస్టారూ. వాడు *మెరెబా* అన్నాడు."

అప్పుడు ఆయనకు జ్ఞానోదయమయ్యెను. తెరపై నూటికి డెబ్బదియొకటి. గడియారమున తొమ్మిది యేబదియారు. వచ్చుటలో ఏనాడును వేళ పాటింపని విద్యుత్తు, పోవుటలో నాలుగు నిమిషములు ముందే పోయెను.

పంకా నిలిచెను. పక్కింటి రేడియో పాట నడుమ మూగవోయెను. ఆ నిశ్శబ్దమును చీల్చుకొని, బల్లక్రిందనుండి, శత్రుసేనల గుండెలవియు శంఖమువలె అరిచే ఇటుక అరిచెను. తెర ఆరలేదు. చుక్కల చక్రము తిరుగుచునే యుండెను.

నాలుగు నిమిషములు.

ధీరోదాత్తుడగు అజార్కో మనసున ఇట్లు గర్జించిరి: "ఓరీ అంధకారమా! నీవు బల్బులను గెలిచితివి, పంకాలను గెలిచితివి, మంత్రుల వాగ్దానములను గెలిచితివి. కాని కెంకే అమ్ముకొని ఆరుగురు బిడ్డలను బడికి పంపిన ఒక తల్లి నలుబదియొక్క సంవత్సరములు ఈ పెట్టెలో నున్నవి. వానిని నీకు ఈయను!" పైకి మాత్రము, "అమ్మా, అటు కొస పట్టుకో" అనిరి.

ఇటుకను బల్లపైకి ఎక్కించిరి. కంప్యూటరు, తెర, తోక గల మౌస్, పసుపు ముసుగు సమేతముగా ఆ బల్లను ఇరువురును ఎత్తిరి. రాజును పల్లకీలో ఊరేగించు బోయీలవలె, ఒకరు వెనుకకు, ఒకరు ముందుకు అడుగులు వేయుచు, కీచుమని అరచు ఆ పరివారమును మూడు జానలు మోసిరి. సంతకు పోవుచున్న పూసల వర్తకురాలొకతె నెత్తిన గంపతో ఆగి, "మాస్టారు ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని అడిగెను.

తీగ కొన ఇటుక ప్లగ్గును ముద్దాడెను. ఇక జనరేటరు. దానిని లేపు త్రాడు లాగవలసిన డాంకో లోకాంతరమున ఉన్నాడు. సెర్వా పరుగెత్తి, కాలువ దాటి, వస్త్రమును నడుమున బిగించి, త్రాడు పట్టి లాగెను. అది దగ్గెను. మరల లాగెను. అది తుమ్మెను. ఇటుక అరుపు వేగము హెచ్చెను. ప్రాణము పోవుటకు ముందు అది అట్లే అరచునని ఆయన ఎరుగును.

"అమ్మా, నీ చెయ్యియ్యి!" అని సెర్వా మూడవమారు లాగెను. ఏ చేయి నలుబదియొక్క ఏండ్లు తెడ్డు త్రిప్పెనో ఆ చేతికి వారసురాలగు చేయి అది. జనరేటరు గర్జించెను. చేపల వాసనయు పొగయు కలిసి వీధిని ముంచెను. ఇటుక మౌనము వహించెను.

నూటికి ఎనుబది. నూటికి తొంబదియాఱు. నూటికి నూరు.

తెర నల్లబడెను.

అంతయు నలుపు. చక్రము లేదు, చుక్క లేదు. అద్దమువంటి ఆ నలుపులో రెండు ముఖములు మాత్రము కనబడుచుండెను. అంతలో పెట్రోలు డబ్బాతో, నోట వేయించిన కందముక్కతో డాంకో ప్రత్యక్షమయ్యెను.

"వస్తున్నానని చెప్పానుగా, ఈ కంగారేంటి? అయ్యో, పోయిందా?"

"పోలేదు" అనిరి అజార్కో. కంఠము మాత్రము అంత నమ్మకముగా లేదు. "మళ్ళీ మొదలవుతానని చెప్పి ఆరింది."

"అంటే మెరెబా అందన్నమాట" అనెను డాంకో, కంద నములుచు.

ముగ్గురును నల్లని తెర ఎదుట నిలిచిరి. గుడ్డు ఉడుకునంత కాలము గడచెను.

అప్పుడు నడుమ ఒక తెల్లని చుక్క పొడమెను. వెనుక మరియొకటి. చక్రము తిరిగెను, నీలవర్ణము వచ్చెను, స్వాగతమను మాట వచ్చెను. మాస్టారు ఫైలు తెరచిరి. పొకువా అక్షరము చెడక అందు కూర్చుండెను.

సెర్వా ముఖము తుడుచుకొని, కుర్చీ లాగుకొని అనెను: "రాయండి మాస్టారూ. ఆఖరి ముక్క దొరికింది. 'ఆసుపత్రికి పోతూ అమ్మ మెరెబా అంది. ఆమె వంతు గిన్నె మూత పెట్టే ఉంచాం.'"

ఆయన టైపు చేసిరి. పిదప కండ్లద్దములు తీసి చాలసేపు తుడిచిరి. అది పొడిగాలి కాలము, ధూళి అధికము. వంగి, ఇటుకపై నున్న ధూళిని గూడ తుడిచిరి.

"సెర్వా, నీ ఫోన్ ఇలా ఇయ్యి" అనిరి.

"ఎందుకూ?"

"కాపీ కొట్టాలి."

డాంకో నోటిలోని కంద జారిపడెను.

అట్లు, నూరు శాతము పూర్తియైన ఆ మహా అప్‌డేటువలన కలిగిన మార్పులను మాస్టారు ఉపనేత్రధారియై తెరనంతయు గాలింపగా, మునుపు ఎడమ అంచున నున్న ఒక బొమ్మ నడుమకు జరిగియున్నట్లు తేలెను. జీవితచరిత్ర పదకొండు గంటల నలుబది నిమిషములకు అచ్చు కార్యాలయము చేరెను. బల్ల స్వస్థానము చేరెను. పసుపు ముసుగు కప్పబడెను. కొఫొరిడువా పురవాసులారా, పూసల వర్తకులారా, సమస్త దిక్కుల యందలి యంత్రపీడితులారా, ఎఱుగుడు: ఒక చిన్న బొమ్మ జానెడు దూరము కుడివైపునకు జరిగెను, మరియు మన పక్షమున ఎవరును నష్టపోలేదు.