ఆత్మీయతా మండలి వారి పెట్టె

మనిషికీ మనిషికీ మధ్య ప్రేమ అనేది ఇన్నాళ్ళూ ఏ పర్యవేక్షణా లేకుండా, ఎవరికి తోచినట్టు వాళ్ళు నడుపుకుంటూ వచ్చిన రంగం. ఈ అరాచకాన్ని చూసి చూసి తమిళనాట విరుదునగర్‌లో కొందరు పెద్దలకు ఓపిక నశించింది. వాళ్ళు కూడి 'చిరువ్యాపార నిజ ఆత్మీయతా మండలి' స్థాపించారు. అంగడివాడు కొనేవాళ్ళతో నిజమైన అనుబంధం పెంచుకోవాలనీ, అది నిజమో కాదో తాము తేల్చి పత్రం ఇస్తామనీ, కోవిల్‌పట్టి అంగళ్ళకూ ఇది వర్తిస్తుందనీ ప్రకటించారు. (కోవిల్‌పట్టి పక్క జిల్లాలో ఉంది కదా అని ఎవరో సందేహపడ్డారు. ప్రేమకు ఎల్లలు లేవని మండలి జవాబిచ్చింది.)

ఈ ప్రకటన వచ్చి వచ్చి కోవిల్‌పట్టి బస్టాండు ఎదుట కడలై మిఠాయి అమ్ముకునే రంగరాజన్ నెత్తిన పడింది. కడలై మిఠాయి అంటే వేరుశనగపప్పును బెల్లప్పాకంలో పోసి బిళ్ళలుగా కోసేది. ఆ ఊళ్ళో పిల్లలకు పాలపళ్ళు వచ్చేది దాన్ని కొరకడానికే. తాతనాటి నుంచీ ఆ అంగడే రంగరాజన్ ఇంటికి కూడూ గుడ్డా. అయితే అంగళ్ళ సముదాయం యజమాని ఈసారి ఒకే మాట చెప్పేశాడు: మండలి వారి పత్రం తెచ్చినవాడికే బాడుగ ఒప్పందం తిరగరాస్తాను, లేనివాడు తాళం చెవి ఇచ్చి వెళ్ళొచ్చు.

రంగరాజన్ బస్సెక్కి విరుదునగర్‌లో శిక్షణకు వెళ్ళాడు. పెళ్ళిళ్ళు లేని రోజు చూసి తీసుకున్న కల్యాణమండపంలో, ఉప ఆత్మీయతా పర్యవేక్షకుడు వసంతకుమార్ బోధించాడు. కొనేవాళ్ళను ఇంటిమనిషిలా చూడాలి. ఇంటిమనిషితో మాట్లాడినట్టు మాత్రం మాట్లాడకూడదు. నవ్వు గుండెలోంచి రావాలి. పైవరుస పళ్ళు మాత్రమే కనబడాలి. ఇంట్లో అందరూ క్షేమమా అని తప్పక అడగాలి. జవాబు వినాలన్న నిర్బంధం లేదు.

వెళ్ళేటప్పుడు తలా ఒక పెట్టె ఇచ్చారు. గల్లాపెట్టె పక్కన పెడితే అది అన్నీ చూసి, అన్నీ విని, అనుబంధానికి మార్కులు వేస్తుంది. బాగుంటే పచ్చదీపం, బాగా లేకపోతే ఎర్రదీపం. దానికి తమిళం వచ్చు, ఇంగ్లీషు వచ్చు. మిగతాదంతా 'ఇతర శబ్దాలు' అనే పద్దు కింద, ఆటో హారన్లతోనూ కుక్కల అరుపులతోనూ కలిపి జమ చేస్తుంది.

చిక్కు అక్కడే వచ్చింది. రంగరాజన్ ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే తమిళం. ఆ వైపు తెలుగువాళ్ళందరి అలవాటూ అంతే. ఆ అలవాటును ఖాతరు చేయని మనిషి పుష్పం అత్త ఒక్కతే. కళుగుమలై దగ్గర నల్లరేగడి చేలున్న రైతమ్మ. రంగరాజన్ గోచీ కూడా కట్టని వయసు నుంచీ ప్రతి శనివారం ఆ అంగడికి వస్తోంది. ఆమె లెక్కలో అది బజారు కాదు, గడప లోపలే.

ఆ శనివారమూ వచ్చింది. ఎవరినీ అడక్కుండా పళ్ళెంలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ నోట్లో వేసుకుంది.

"ఏమిరా రంగా, ఇది మిట్టాయా, రాయా? ఉండే నాలుగు పల్లూ ఈడనే పెట్టి పోవల్లనా?"

"పల్లు లేనోళ్ళు పాయసం తాగల్ల అత్తా. మిట్టాయికి ఎందుకు వచ్చేది?"

"నోరు చూడు వీనికి! మీ నాయన పట్టిన పాకం ఏమి, నీ పాకం ఏమి! ఆయన పొయ్యేటప్పుడు ఆ చేతి రుచి గూడా ఎత్తుకొని పోయినాడు. సరి, రెండు కిలోలు కట్టు. కొసరు యాడరా?"

అసలు కంటే కొసరు ముద్దు. రంగరాజన్ విరిగిన ముక్కలు గుప్పెడు తీసి పొట్లం కట్టాడు. "ఇదేమిరా, చీమలకు పెట్టినట్ల" అని మరో గుప్పెడు తానే వేసుకుని, వాడి నెత్తిన ఒకటి మొట్టి, ఆమె వెళ్ళిపోయింది. వారానికి సరిపడా సంతోషంతో రంగరాజన్ ఇటు తిరిగేసరికి పెట్టె ఎర్రగా కాలిపోతోంది.

వరసగా నాలుగు శనివారాలు ఇదే జరిగాక వసంతకుమార్ స్వయంగా దిగాడు. కూర్చుని, తమిళంలో విచారణ మొదలుపెట్టాడు.

"ప్రతి శనివారం గుర్తుతెలియని స్త్రీ మీ అంగట్లో జొరబడుతోంది. కేకలు వేస్తోంది. సరుకు లాక్కుంటోంది. మీరు భయపడి అదనంగా ముట్టజెబుతున్నారు. పోయినసారి చెయ్యి కూడా చేసుకుంది. పోలీసులకు చెప్పారా?"

"ఆమె మా అత్త సార్."

"భార్య తల్లా?"

"కాదు సార్."

"తండ్రి తోబుట్టువా?"

"కాదు సార్."

"మరి అత్త ఎలా అయింది?"

రంగరాజన్ బుర్ర గోక్కున్నాడు. ఈ ప్రశ్న పుట్టి బుద్ధెరిగినాక ఎవరూ అడగలేదు. "ముందు నుంచీ అత్తే సార్" అన్నాడు.

'బంధుత్వం రుజువు కాలేదు' అని వసంతకుమార్ రాసుకున్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాడు. (రంగరాజన్ ఇచ్చిన మిఠాయిని నిబంధన ప్రకారం నిరాకరించి, నిబంధన వివరించడం అయ్యాక తిన్నాడు.) వచ్చే శనివారం మళ్ళీ వస్తాననీ, తన కళ్ళెదుట ఆమె విషయంలో పచ్చదీపం వెలగకపోతే పత్రం మరిచిపోవచ్చుననీ చెప్పి లేచాడు.

ఆ వారం మధ్యలో రంగరాజన్ అంగడి మూసి కళుగుమలై వైపు బస్సెక్కాడు. పుష్పం అత్త వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. తల వంచుకుని అంతా చెప్పాడు.

"అంగడి పోతాది అత్తా. తమిళంలో మాట్లాడల్లంట. పళ్ళెంలో చెయ్యి పెట్టకూడదంట. కొసరు కూడదంట. తిట్టనే కూడదంట."

ఆమె చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది.

"నేను నిన్ను ఎప్పుడురా తిట్టినాను?"

రంగరాజన్ సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా అంగడి కావాలి కాబట్టి లేచి రాలేదు. ఆమె "సరి, పో" అనేదాకా అక్కడే కూర్చున్నాడు.

శనివారం పుష్పం అత్త గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. మెట్టు మీదే ఆగి, చేతులు జోడించి, "వణక్కం సార్" అంది.

"వణక్కం అమ్మా. ఇంట్లో అందరూ క్షేమమా?" అన్నాడు రంగరాజన్, తమిళంలో, పైవరుస పళ్ళతో.

"క్షేమం సార్. దయచేసి రెండు కిలోలు ఇప్పించండి సార్."

పళ్ళెం వైపు చూడనైనా చూడలేదు. అతను తూచాడు. అలవాటు కొద్దీ చెయ్యి విరిగిన ముక్కల దాకా వెళ్ళి, వట్టిగా వెనక్కి వచ్చింది. పొట్లం అందుకుని "రొంబ నన్రి సార్" అని తమిళంలో కృతజ్ఞతలు చెప్పింది. పాఠం అప్పజెప్పే పిల్లలా ఎక్కడా తడబడలేదు. అదంతా తన కోసమేనని తెలిసి రంగరాజన్ తల వంచుకుని తక్కెడ రాళ్ళు సర్దాడు. పెట్టె చిలకపచ్చగా వెలిగింది. వసంతకుమార్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

రంగరాజన్ గుప్పెడు ముక్కలు కాగితంలో చుట్టి వీధిలోకి పరుగెత్తాడు. "అత్తా, కొసరు!"

"పోరా లోపలికి, ఆ పెట్టె చూస్తాది" అని ఆమె తెలుగులో గొంతు తగ్గించి కసిరింది. "ఆ మాటలు నాకు ఇంకొకతూరి రావురా." పొట్లం తీసుకోకుండానే బస్సెక్కింది.

పత్రం వచ్చింది. బాడుగ ఒప్పందం తిరగరాశారు. పెట్టె ఇప్పటికీ ప్రతి శనివారం పొద్దున్నే ఆమె వివరాలు తనంతట తానే చూపిస్తుంది: కొనుగోలుదారు కొత్తవారు; మొదటి రాక; అనుబంధం అత్యుత్తమం; రెండో రాక ఇంకా నమోదు కాలేదు.