చప్పిడి కుండీ, కారం కుండీ

ఆదివారం పొద్దున్నే అల్లుడు టేపు పుచ్చుకుని బాల్కనీ కొలవడం మొదలుపెట్టాడు. ఇళ్ళ ప్లాన్లు గీసే ఉద్యోగం అతనిది. ఊళ్ళో అందరికీ మేడలు గీసి ఇస్తాడు గానీ సొంతానికి ఈ బాల్కనీ తప్ప జాగా లేదు. అందుకే దానిమీద అంత శ్రద్ధ. ఎండ ఎక్కడిదాకా పాకుతుందో సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత లోపల రెండు కుండీలు పడతాయి. రెండింటిలోనూ మిరప మొక్కలే పెట్టాలని నిర్ణయమైపోయింది. ఏ రకం మిరప అన్నదే తేలలేదు.

తేలకపోవడానికి కారణం లోపలి గదిలో పేపరు చదువుతున్న మామగారు. ఆయనకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. భోజనం పక్కన పచ్చిమిరపకాయ లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. అలా దిగి దిగి చివరికి కడుపులో పుండు పడింది. డాక్టరు కారం మాన్పించాడు. కూతురు దుకాణానికి తాళం వేయించి, ఆయన్ని తన ఇంటికి తెచ్చుకుంది. డాక్టరు సరేననేదాకా కదలనివ్వనంది. అక్కడ దుకాణం అద్దెకిచ్చిన ఆసామేమో నెలాఖరులోగా తలుపు తీయకపోతే ఫోన్లు అమ్మేవాడికి ఇచ్చేస్తానని కబురు పెట్టాడు. కన్నకూతురు ఒకవైపు, కడుపులో పెట్టుకుని చూసుకున్న దుకాణం ఒకవైపు. మామగారు పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఆయన పథ్యం ఆయనతో ఆగలేదు. ఒక పొయ్యి మీద రెండు వంటలు చేయలేనని ఇల్లాలు చెప్పేయడంతో అల్లుడికి కూడా చప్పిడి తిండే గతి అయింది.

"థాయ్ రకం పెడదామా? కాయ చిన్నదే గానీ కొరికితే చెవుల్లోంచి పొగలొస్తాయట," అన్నాడు ఫోన్‌లో బొమ్మ చూపిస్తూ.

"ఆ కాయలన్నీ ఆకాశంలోకి నిక్కి నిలబడతాయి. మా నాన్నకు వీధి చివర్నించే కనబడతాయి. వద్దు."

"పోనీ జపాన్‌ది? ముడతలు ముడతలుగా ఉంటుంది, కారం ఉండదు. ఎప్పుడో ఒక కాయ మాత్రం చుర్రుమంటుందట. అదేదో కొరికేదాకా తెలీదట."

"మా నాన్న కడుపుతో లాటరీ ఆడతారా?"

అలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ చివరికి కొరియా దగ్గర ఆగారు. ఆ దేశం మిరపల్లో ఒక రకం దోసకాయలా కరకరలాడుతుంది, పిసరంత కారం ఉండదు. ఇంకో రకం నషాళానికి అంటుతుంది. రెండూ పచ్చగా, పొడుగ్గా ఉంటాయి. బాగా ముదిరితే తప్ప కొత్తవాళ్ళకు తేడా తెలియదు.

"మీ నాన్నగారికి చప్పిడిది, నాకు కారంది. ఒక్క కుండీయే కదే! నా నోరు చచ్చిపోయిందే తల్లీ," అని బతిమాలాడు.

ఇల్లాలు షరతు మీద ఒప్పుకుంది. కుండీలు చెరో మూలా ఉండాలి. ఏది ఏదో రాసిపెట్టాలి. కారం కుండీలో కాయలు రోజూ సాయంత్రం తను లెక్కపెడుతుంది. తనకు చెప్పకుండా ఒక్కటి తగ్గినా మొక్క పీకి పారేస్తుంది.

నర్సరీ నుంచి మొగ్గ తొడిగిన మొక్కలే తెచ్చి నాటాడు అల్లుడు. రెండు ఐస్‌క్రీం పుల్లల మీద 'కారం' అని ఒకటి, 'చప్పిడి' అని ఒకటి రాశాడు. గుచ్చబోతూ ఆగాడు. కారం అని కనబడ్డ చోటికి మామగారు కళ్ళకు గంతలు కట్టినా వెళ్ళిపోతారు. అందుకని బుర్ర ఉపయోగించి, కారం పుల్లను చప్పిడి మొక్క దగ్గరా, చప్పిడి పుల్లను కారం మొక్క దగ్గరా గుచ్చాడు. ఆయన దొంగతనం చేసినా దొరికేది చప్పిడి కాయే. భార్యకు చెప్పలేదు. ఆవిడ నోట తండ్రి దగ్గర ఏ రహస్యమూ దాగదు. ఆవిడ పొరపాటున కారం కాయ కోసి తండ్రికి వండకుండా, "కాయలు కోసే పని నాదే, నువ్వు ముట్టుకోకు," అని గట్టిగా చెప్పి ఊరుకున్నాడు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళాక మామగారు బాల్కనీలోకి వచ్చారు. ఆయనా బుర్ర ఉన్న మనిషే. కారం కుండీలో చెయ్యి పెడితే సాయంత్రానికి లెక్కలో దొరికిపోతారు. అదే పుల్లలు అటూ ఇటూ మార్చేస్తే? అమ్మాయి చప్పిడి కాయలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది, తను అసలు కాయలు దర్జాగా ఆవిడ ఎదుటే తినవచ్చు. వెంట్రుకంత గడియారం ముళ్ళు పీకి పెట్టే చేతులకు ఐస్‌క్రీం పుల్లలు ఒక లెక్కా! చిటికెలో మార్చేసి, ఈల వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

దాంతో పుల్లలు రెండూ నిజం చెప్పడం మొదలుపెట్టాయి. కానీ వాటిని తాకిన ఇద్దరూ అవి అబద్ధమనే నమ్మారు. నిజమని నమ్మింది ఏ పాపమూ ఎరుగని ఇల్లాలు ఒక్కతే.

కాయలు దిగాయి. ఒక సాయంత్రం మామగారు చప్పిడి కుండీ దగ్గరికి నడిచి, "అమ్మాయ్, చప్పిడిదే కదా, ఒకటి తింటానమ్మా," అన్నారు వినయంగా. "తినండి నాన్నా, ఒంటికి మంచిదే," అంది కూతురు. మామగారు మంచినీళ్ళ గ్లాసు సిద్ధంగా పెట్టుకుని, కళ్ళు మూసుకుని కసుక్కున కొరికారు.

ఏమీ లేదు.

ఇంకోటి కొరికారు. దోసకాయ తిన్నట్టుంది. మర్నాడు తిన్నారు, ఆ మర్నాడూ తిన్నారు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పు నాలికకు రాసుకుంటే ఉప్పగానే ఉంది. పంచదార తియ్యగానే ఉంది. అంటే కారం తెలిసే నరమొక్కటే చచ్చిందన్నమాట! గడియారంలో ఒక్క ముల్లు ఆగిందంటే లోపల ఎక్కడో చక్రం అరిగినట్టే. ఇవాళ నాలిక నరం పోయింది, రేపు వేళ్ళ నరం పోతే? వేళ్ళు వణికితే గడియారాలు ఎవరు బాగుచేస్తారు? ఈ మాట ఎవరికైనా చెబుదామంటే ముందు పుల్లల సంగతి చెప్పాలి. మామగారు నిజంగానే భయపడ్డారు. గోడకు ఆనుకుని కూర్చుని తన వేళ్ళకేసి తనే చూసుకోవడం అలవాటైపోయింది.

అవతల అల్లుడి అవస్థ వేరు. మామగారు చప్పిడి పుల్ల ఉన్న మొక్క నుంచి కాయ తెంపి నములుతూ ఉంటే మొదటిరోజు అతను కుర్చీలోంచి లేచిపోయాడు. ఏ మూల ఏది నాటాడో మరిచిపోయి పుల్లల్నే నమ్ముకున్న అతని లెక్క ప్రకారం అది నిప్పు! అరిచి చెబుదామంటే భార్య పక్కనే ఉంది. మజ్జిగ గ్లాసు పుచ్చుకుని పక్కనే కాచుకున్నాడు. తీరా చూస్తే మామగారి కంట చుక్క నీరు రాలేదు. ఆయన వెళ్ళాక తనూ ఒకటి తెంపి కొరికాడు. చప్పగా ఉంది.

"నర్సరీ వాడు ముంచేశాడు. రెండూ చప్పిడివే అంటగట్టాడు," అనుకున్నాడు. రెండో కుండీ రుచి చూడవలసిన అవసరం అతనికి కనబడలేదు. అది చప్పిడిదని తనకు తెలుసు కదా! మామగారికి ప్రమాదం తప్పింది, అది చాలు. తన నాలిక రాత ఇంతే.

నెలాఖరు దగ్గరపడింది. ఇల్లాలు పనిచేసేది ఆ డాక్టరు క్లినిక్‌లోనే కాబట్టి, ఆయన ఒక ఆదివారం దారిలో ఇంటికే వచ్చాడు. మామగారిని పడుకోబెట్టి పొట్ట నొక్కి చూశాడు. నొప్పి లేదు, మంట లేదు. "భేష్! పుండు మానినట్టే. ఇక మీరు..." అంటూండగా మామగారు లేచి కూర్చున్నారు. దుకాణం తాళంచెవి చేతిలో పడబోతోంది. కానీ లోపల రోగం పెట్టుకుని ఎలా వెళ్ళడం?

"డాక్టరుగారూ, నా నాలిక చచ్చిపోయిందండీ. పక్షం రోజులుగా కారం మిరపకాయలు తింటున్నాను. ఏమీ తెలియడం లేదు."

"కారంవా?" కూతురు కెవ్వుమంది. "అబద్ధం! కారం కుండీలో ఒక్క కాయ తగ్గలేదు, రోజూ లెక్కపెడుతున్నాను!"

"పుల్లలు మార్చేశానమ్మా," అన్నారు మామగారు తల దించుకుని.

డాక్టరు ముఖం మారిపోయింది. "అలాగైతే నరాల డాక్టరుకు చూపించాలి. పరీక్షలు చేయించాలి. దుకాణం మాట తర్వాత."

మామగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సరే, అది ఫోన్లవాడికే రాసిపెట్టుంది," అన్నారు. ఆ ముఖం చూసి అల్లుడు ఆగలేకపోయాడు. మొదట ఎవరు ఏ పుల్ల ఎక్కడ గుచ్చారో, తర్వాత ఎవరు మార్చారో ఒక్క క్షణం లెక్క వేసుకుని ఉంటే సరిపోయేది. రోజంతా లెక్కలు వేసే మనిషికి ఆ ఒక్క క్షణం దొరకలేదు.

"మావయ్యగారూ, మీ నాలిక బంగారం! నర్సరీ వాడు రెండూ చప్పిడి మొక్కలే ఇచ్చాడు. ఉండండి, చూపిస్తా!" అంటూ బాల్కనీలోకి పరుగెత్తి, రెండో కుండీలోంచి గుప్పెడు కాయలు తెంపుకొచ్చాడు.

"ఏమండీ! దాని మీద కారం అని రాసి ఉందండీ!"

"ఆ రాత నాకు తెలీదా? రాసింది నేనే!"

అంటూనే సగం కాయ కొరికాడు. శాస్త్రం తెలిసిన మనిషి కాబట్టి డాక్టరు కూడా తనే స్వయంగా తేల్చుకుందామని ఒకటి నోట్లో వేసుకుని గట్టిగా నమిలాడు.

ఆ తర్వాత మాట్లాడదామన్నా వాళ్ళిద్దరికీ సాధ్యం కాలేదు. అల్లుడు నాలిక బయటపెట్టి గది చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాడు. డాక్టరు అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. వైద్యుడు చేయవలసిన పని కాదది. "అమ్మో! అమ్మో!" అంటూ బాల్కనీలోకి తూలుకుంటూ వెళ్ళి, మొక్కలకని నీళ్ళు పట్టి పెట్టిన బకెట్లో తలా చేతులూ ముంచేశాడు.

మామగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆయన కళ్ళలో ఆశ వెలిగింది. కూతురు "నాన్నా, వద్దు!" అనేలోపే అల్లుడి చేతిలోని సగం కాయ లాక్కుని నోట్లో వేసుకున్నారు. ముఖం ఎర్రబడింది. ముక్కు కారింది. చెంపల మీదుగా నీళ్ళు ధారలు కట్టాయి.

"మండుతోందమ్మా! అబ్బ, మండిపోతోంది! నా నాలిక బతికే ఉంది!" అని కూతుర్ని వాటేసుకున్నారు.

"మీ నాలికా, మీరూ! ఇద్దరు దొంగలను ఇంట్లో పెట్టుకుని నేను కాపలా కాస్తున్నాను!" అని కూతురు ఆయన వీపు మీద ఒకటి వేసి, ఏడుస్తూనే నవ్వేసింది. అల్లుడు తన వంతు నేరం ఒప్పుకుందామనుకున్నాడు గానీ నోరు తిరగలేదు.

చాలాసేపటికి డాక్టరు లోపలికి వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్క సగం కాయకు ఏమీ కాదని, నరాలకు వచ్చిన లోటేమీ లేదని బొంగురు గొంతుతో చెప్పాడు. తర్వాత తన చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. విదిలించి మళ్ళీ విన్నాడు.

"మీరు దుకాణం రేపు పొద్దున్నే తెరవండి," అన్నాడు.

మర్నాడు తలుపు తీసేసరికి మెట్ల మీద మొట్టమొదటి బేరం డాక్టరుగారే. మామగారు గడియారం వెనక మూత ఊడదీసి, భూతద్దం కంటికి పెట్టుకుని లోపలంతా నిదానంగా చూసి, దీన్ని ఓ నెలరోజులు ఎక్కడికీ కదపకూడదన్నారు.