యోనాకు నట్టల మందు

శనివారం పొద్దున ఆరు గంటల బస్సుకు కరీంనగర్ పోయి పరీక్ష రాసి, సాయంత్రం ఐదింటికల్లా నస్పూర్ తిరిగి రావాలని ఆరాధన అనుకుంది. పోయేముందు తాత సమ్మయ్యను ఫ్రిజ్ దగ్గరికి తీసుకుపోయి ఒక చిన్న స్టీలు డబ్బా చూపించింది.

"తాతా, గిది రొయ్యల ముద్ద. మందు దాంట్లనే కలిపిన. వాసనకన్న తింటదని వెల్లుల్లి గూడ ఏసిన. పదకొండింటికి మినపగింజంత తీసి యోనా ముందట వెయ్యి."

"తినకుంటె?"

"తినకుంటె..." ఆ పిల్ల డబ్బా మూత గట్టిగా నొక్కిపెట్టింది. "తొమ్మిది రోజులైంది తాతా, ఏం ముడ్తలేదు. ఇయ్యాల గూడ తినకుంటె ఇగ దక్కదు. మందు హైదరాబాద్ నుంచి వచ్చేసరికే వారం పట్టింది. ఉన్నదంత గీ డబ్బలనే ఉన్నది."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నా చేతిల పడ్డ జీవం ఎన్నడన్న ఆగమైందా? నువ్వు పరీక్ష మంచిగ రాయి."

యోనా ఉప్పునీటి చేప. నారింజ రంగు ఒళ్లు, మూడు తెల్లచారలు, బొటనవేలంత పొడుగు. సముద్రం ఎటు దిక్కున ఉందో చూపించమంటే నస్పూర్‌లో సగం మంది మంచిర్యాల రైల్వే స్టేషన్ వైపు చూపిస్తారు. అలాంటి ఊళ్లో, హోటలువాళ్లు పారేసిన అద్దాల తొట్టిని ఆటోలో వేసుకొచ్చి, ఉప్పు తూచి, నీళ్లు పరీక్షించి, రెండేళ్లు తిప్పలుపడి ఆరాధన ఒక ముక్క సముద్రాన్ని ముందు గదిలో నిలబెట్టింది. అందులో యోనా ఉంటుంది. నెల కిందట తెచ్చిన నీలం చేప ఒకటి దానికి తోడు. ఈమధ్య యోనా కడుపు లోపలికి పీక్కుపోయింది. వెనకనుంచి తెల్లటి దారంలా పెంట వేలాడుతోంది. కడుపులో పురుగులున్నాయని ఆరాధనకు అనుమానం. గొర్రెలకైతే వాటినే నట్టలంటారు.

నట్టల మాట వినగానే సమ్మయ్యకు పదేళ్ల వయసు తగ్గింది. పశువుల దవాఖానలో ముప్పై ఒక్కేళ్లు అటెండరుగా చేశాడాయన. పేరుకే అటెండరు. గొర్రె నోరు తెరిచిందీ ఆయనే, మందు పోసిందీ ఆయనే, తన్నులు తిన్నదీ ఆయనే. సంతకం మాత్రం డాక్టరు పెట్టాడు. సర్కారు కొలువుల్లో ఇదేం వింత కాదు. రిటైరయ్యాక ఆయన్ను ఎవరూ ఏదీ అడగలేదు. ఇప్పుడు మనవరాలు అడిగింది.

ఆయన దగ్గర రెండు పద్ధతులు ఉన్నాయి. నలతగా ఉన్నదాన్ని ముందు మంద నుంచి వేరు చెయ్యాలి. మందు పడ్డదానికి వెంటనే గుర్తు పెట్టాలి, లేకపోతే రెండోసారి పోసి చంపుతాం. ఆ ప్రకారమే పది గంటలకు తొట్టిలో నీళ్లే బకెట్లోకి తోడి, గాలిగొట్టం వేసి, యోనాను వలతో పట్టి అందులో దించాడు. బకెట్‌ను వెనక గదిలో నీడకు పెట్టాడు. పదకొండు కొట్టగానే ఫ్రిజ్ తెరిచాడు. డబ్బా లేదు.

వంటింట్లో ఆయన భార్య ప్రేమమ్మ మూకుడు ముందు కూర్చుని ఉంది. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లింట్లో చర్చి సంఘపు స్త్రీల కూడిక. కూడికకు ఎవరింట్లో ఏం పెట్టారో వచ్చే కూడిక దాకా చెప్పుకుంటారు కాబట్టి, ప్రేమమ్మ రెండు రోజుల నుంచి ఆ ఆలోచనలోనే ఉంది.

"ఏమే, ఫ్రిజ్‌ల స్టీలు డబ్బ ఏది?"

"అగో, కడిగి బోర్లేసిన. పిల్ల ఎంత తెలివిగల్లదో చూడు, రొయ్యలు నూరి వెల్లుల్లి గూడ కలిపి పెట్టి పోయింది, అవ్వకు సాయమైతదని. శనగపప్పుల కలిపి వడలు ఏసిన. వంద అయినయి."

సమ్మయ్య బోర్లించిన డబ్బా తిప్పి చూశాడు. "అది చేప మందే!"

"చేప మందేంది? రొయ్యలు గాదా?"

"రొయ్యలల్ల నట్టల మందు!"

ప్రేమమ్మ జాలిగరిటె ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ముందు గదిలోంచి "వందనాలు ప్రేమమ్మక్కా!" అని కిష్టవ్వ గొంతు వినిపించింది. వేళకు గంట ముందే రావడం కిష్టవ్వకు అలవాటు. వాసన పట్టుకుని తిన్నగా లోపలికొచ్చి, పళ్లెంలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకుంది.

"జర చేదున్నయి, మెంతులు ఎక్కువైనట్టున్నయి గని, మస్తున్నయి," అంటూ పళ్లెం ఎత్తుకుని ముందు గదిలోకి నడిచింది. వెనకాలే వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలోనే తలా ఒకటి అందుకున్నారు.

"ఆపు!" అన్నాడు సమ్మయ్య.

"నా పరువు తీస్తవా?" అని ప్రేమమ్మ ఆయన చొక్కా పట్టుకుని గుంజింది. "క్యాథరిన్ వస్తది, దవాఖానల నర్సు. ముందుగాల ఆమెనడుగుదాం. ఊకెనే లొల్లి చెయ్యకు."

క్యాథరిన్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం సమ్మయ్య వల్ల కాలేదు. ఎవరికి ఎంత మందు పడిందో తెలియాలి కదా. మందలో అయితే గొర్రె వీపున ఎర్ర చుక్క పెట్టేవాడు. ఆడవాళ్ల వీపున పెట్టలేడు. సండే స్కూలు చాక్‌పీసు అందుకుని, వాళ్లు కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీల వెనక గీతలు పెట్టసాగాడు. ఒక వడకు ఒక గీత.

పాట సగంలో ఉండగా కిష్టవ్వ వెనక్కి తిరిగింది. "అన్నా, గా గీతలేంది?"

సమ్మయ్యకు ఏ అబద్ధమూ తోచలేదు. "లెక్క," అన్నాడు.

ఏం లెక్క అని ఎవరూ అడగలేదు. వచ్చే నెల జిల్లా మహాసభకు ఈ సంఘం నుంచి ఇద్దరు స్త్రీలను పంపాలి. ఆ ఇద్దరెవరో సాయంత్రం పాస్టరు డేవిడ్ అయ్యగారొచ్చి చెప్తారని అందరికీ తెలుసు. గీతలంటే మార్కులేనని గది మొత్తానికి ఒక్కసారిగా అర్థమైపోయింది. వడ తిన్నవాళ్లకే గీత పడుతోందని కనిపెట్టడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత పళ్లెం ఆగలేదు. ఉపవాసంలో ఉన్న ఒకామె కూడా ఉపవాసం విరమించింది. మూడు గీతలున్న కుర్చీలోంచి ఒకామె నీళ్లకు లేవగానే ఇంకొకామె వచ్చి అందులో కూర్చుంది.

"గది నా కుర్చీ!"

"కుర్చీకి నీ పేరు రాసున్నదా?"

సమ్మయ్య లెక్క గంగలో కలిసింది. చాక్‌పీసు చేతిలో పట్టుకుని మంద చెదిరిన కాపరిలా నిలబడ్డాడు. సాయంకాలం కావస్తుండగా డ్యూటీ దిగొచ్చిన క్యాథరిన్‌ను, ఆమె వడలు తిన్నాక గానీ ఆయన చూడలేదు. చూడగానే వెనక గదిలోకి పిలిచి, మందు వచ్చిన ఖాళీ పొట్లం చూపించి, ఉన్నదంతా చెప్పాడు.

ఆమె పొట్లం మీది అక్షరాలు చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెద్దబాపూ, గీ మందు మా దవాఖానల మనుషులకే ఇస్తరు. ఒక్క చేప మందు ఇంతమంది మీద పడితే దోమ కుట్టినంత గూడ గాదు. ఎవ్వలకేం గాదు."

"నిజంగనా?"

"నేను నాలుగు తిన్న. నా మీద ఒట్టు."

సమ్మయ్య గుండె మీది బండ దిగింది. దిగిన మరుక్షణమే ఇంకోటి ఎక్కింది. జనానికేం కాదు, సరే. యోనా సంగతి? ఉన్న ఒక్క మందూ ముప్పై మంది కడుపుల్లో ఉంది. ఆరాధన ఎక్కిన తిరుగు బస్సు ఈపాటికి సుల్తానాబాద్ దాటి ఉంటుంది. బకెట్ పక్కన గొంతుక్కూర్చుని, ఆరాధన నూరగా ఫ్రిజ్‌లో మిగిలిన వట్టి రొయ్యను గోటితో గిల్లి నీళ్లలో వేశాడు. "పిల్లకు ఏం మొకం చూపియ్యాల్నే?" అని యోనాను అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచి ముందు గదిలోకి వచ్చాడు.

అప్పటికి డేవిడ్ అయ్యగారు వచ్చి, దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పమంటున్నారు. సమ్మయ్య చెయ్యెత్తాడు. ఎన్నడూ నోరు తెరవని మనిషి లేచేసరికి గది సద్దుమణిగింది.

"మీరందరు తిన్నది నా మనవరాలి చేపకు వెట్టిన నట్టల మందు. గీతలు మార్కులు గావు. ఎవ్వలకేం గాదని నర్సమ్మ చెప్పింది. గని గా చేప ఇయ్యాల సచ్చిపోతది. పిల్ల నన్ను నమ్మి అప్పజెప్పి పోయింది."

ప్రేమమ్మ తలుపు వెనక మొహం దాచుకుంది. కిష్టవ్వ చేతికంటిన నూనె కొంగుకు తుడుచుకుంది.

"నట్టల మందు కోసం దవాఖానకు పోతే మూడు గంటలు లైన్ల నిలవెట్టి, అయిపోయింది రేపు రమ్మంటరు. ఈడ వడలల్ల వెట్టిచ్చిన్రు. ఇంకేమన్న మిగిలినయా అక్కా?"

నవ్వు మూల నుంచి మొదలై గదంతా పాకింది. అయ్యగారు కూడా నవ్వి, కళ్లు మూసుకోమని, చేప కోసం ప్రార్థన ఎత్తుకున్నారు. సరిగ్గా ఆ మధ్యలో ఆరాధన గుమ్మంలోకి వచ్చింది. ముప్పై మంది తలలు వంచి యోనా పేరు తలుస్తున్నారు. ఆ పిల్ల చేతిలోని బ్యాగు జారి కింద పడింది.

"సచ్చిపోయిందా తాతా?"

"లేదు బిడ్డా. వెనక గదిల ఉన్నది. మందే... మందు లేదు. తప్పు నాదే." నడుస్తూ నడుస్తూనే అంతా చెప్పేశాడు.

ఆరాధన బకెట్ మీద వంగింది. యోనా పైకొచ్చి ఆమె వేలిని పొడిచి, ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచి మూసింది. నీళ్లలో రొయ్య తునక ఒక్కటి కూడా లేదు.

"తాతా, ఏం వెట్టినవ్ దీనికి?"

"వట్టి రొయ్య. మందు గిందు లేనిది."

నమ్మకం కుదరక ఇంకో తునక వేసింది. యోనా మింగింది. దాన్ని పట్టి ముందు గదిలోని తొట్టిలో వదిలి మరో తునక వేసింది. యోనా కదిలేలోపే నీలం చేప బాణంలా వచ్చి దాని తోక కొరికి, రాయి వెనక్కి తరిమింది. యోనా అక్కడే ముడుచుకుంది. తునక అడుగుకు చేరింది. కూడికంతా కుర్చీలు వదిలి తొట్టి చుట్టూ మూగింది.

సమ్మయ్య అద్దానికి ముక్కు ఆనించి నిదానంగా చూశాడు. మందలో మేత తొట్టి దగ్గర బక్కదాన్ని కుమ్మి తరిమే పొట్టేళ్లను ఆయన ఎన్నో చూశాడు. తిండి లేని కడుపు నుంచి తెల్లదారం తప్ప ఏమొస్తుంది?

"బిడ్డా, దీనికి నట్టలు గావు. భయం. గా నీలందాన్ని ఏరే వెట్టు."

ఆరాధన వల అందుకుంది. నీలం చేపను బకెట్లోకి మార్చిన ఐదు నిమిషాలకు యోనా రాయి వెనక నుంచి బయటికొచ్చి, అడుగున పడ్డ తునకను ఏరుకుని తింది. ఆ పిల్ల తాత భుజానికి తల ఆనించి నిలబడింది. సమ్మయ్య చాక్‌పీసు జేబులో వేసుకున్నాడు.

ఆ శనివారం కూడికకొచ్చిన ఆడవాళ్లందరికీ నట్టల మందు పడింది, నట్టలున్నాయన్న చేపకు తప్ప.