గురువారం ఏడు గంటలకు దిగ్భ్రాంతి

వచ్చే గురువారం సాయంత్రం సరిగ్గా ఏడు గంటలకు దేశం యావత్తూ దిగ్భ్రాంతికి గురవుతుందని సంస్కృతి శాఖ మంత్రి క్లోతిల్డ్ వర్నాజ్ గారు ప్రకటించారు. దిగ్భ్రాంతి చెందదలచిన విలేకరులు ఆరున్నరకల్లా తమ కుర్చీల్లో ఉండాలనీ, పెద్ద టోపీల వాళ్ళు వెనక వరసలో కూర్చోవాలనీ ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. దిగ్భ్రాంతి అనంతరం షాంపేను ఇస్తారు.

సందర్భం ఒక్తావ్ రెబూల్ గారి కొత్త ఫ్యాషన్ షో. నలభై ఏళ్ళుగా రిపబ్లిక్‌కు కంటిమీద కునుకు లేకుండా చేస్తున్న మహానుభావుడని పత్రికలు రాశాయి. ఆ మాట చదివేనాటికి ఒక్తావ్‌కు అరవై తొమ్మిదేళ్ళు. రాత్రి తొమ్మిదికల్లా చామంతి టీ తాగి పడుకుంటాడు. రిపబ్లిక్ సంగతి ఏమోగానీ ఆయనకు మాత్రం నిద్ర బాగానే పడుతుంది.

ఆయన చరిత్ర మా పారిస్‌లో స్కూలు పిల్లలక్కూడా తెలుసు. ఓరియాక్‌లో గొడుగులు బాగుచేసేవాడి కొడుకు. పద్దెనిమిదో ఏట పారిస్ వచ్చి ఒక పెద్ద కుట్టుగదిలో నేలమీద పడ్డ గుండుసూదులు అయస్కాంతంతో ఏరే ఉద్యోగంలో చేరాడు. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి అన్నీ అక్కడ కుట్టే ఆర్లెట్ పిషో నేర్పింది, తర్వాత ఆయన దగ్గరే చేరింది. ఎనభైల్లో సొంతంగా మొదటి షో పెట్టినప్పుడు మోడల్స్ అందరికీ నల్ల గొడుగు గుడ్డతో గౌన్లు, ఊచలు బయటికి పొడుచుకొచ్చేలా. అప్పటి మంత్రి ఒకాయన మధ్యలో లేచి, మండిపడుతూ బయటికి నడిచాడు. తెల్లారి పత్రికల్లో 'జాతికి అవమానం' అని వచ్చింది. సాయంత్రానికి కొట్టు ముందు వీధి చివరిదాకా క్యూ.

ఆ గొడుగు గుడ్డ మధ్యతరగతి పిరికితనానికి సంతాప సూచకమని విమర్శకులు తేల్చారు. నిజానికి అది నాన్న కొట్లో అమ్ముడుపోని సరుకు. వేరే గుడ్డ కొనే స్తోమత ఒక్తావ్‌కు లేదు. అయితే ఆయన ఏనాడూ అబద్ధం ఆడలేదు. ఎవరైనా అడిగితే కిటికీలోంచి దూరంగా చూసేవాడు, అంతే. మిగతాది అడిగినవాళ్ళే రాసుకునేవారు.

అలా చూసి చూసి ఆయన గొప్పవాడయ్యాడు. జడ్జీల గౌన్ల కింద మగవాళ్ళకు లేసు లాగులు తొడిగాడు. సాసేజి పొరలతో పెళ్ళికూతురి ముసుగు కుట్టించాడు. ఒక ఏడాది గుడ్డల లారీ దారిలో చెడిపోతే మోడల్స్ చేతికి ఖాళీ హ్యాంగర్లు ఇచ్చి ర్యాంపు మీదికి తోలాడు. ఆ ఏడే పెద్ద బహుమతి వచ్చింది.

తర్వాత ఒక సెంటు కంపెనీ ఆయన కొట్టునూ, కొట్టుతోపాటు ఆయన పేరునూ కొనేసింది. అప్పట్నుంచీ అక్క పుట్టినరోజుకు కార్డు పంపినా 'ఇట్లు నీ తమ్ముడు' అని మాత్రమే సంతకం పెడతాడు. పేరు రాయాలంటే లాయర్ల అనుమతి కావాలి.

మంత్రిగారి ప్రకటన వచ్చిన మర్నాడే ఆ కంపెనీ డైరెక్టరు ఫెరాన్ వచ్చాడు. ముప్పై ఆరేళ్ళవాడు. సాక్సు వేసుకోడు.

"మొస్యూ రెబూల్, పై అంతస్తులో ఉన్న మీ కుట్టుగది మాకు గర్వకారణం," అన్నాడు.

ఒక్తావ్‌కు ఆ మాట అర్థం తెలుసు. ఆ కంపెనీలో గర్వకారణం అనిపించుకున్నదేదీ ఏడాది తిరిగి బతకలేదు.

"ఎప్పుడు మూసేస్తున్నారు?"

"మూసేయడం అనకండి. షో అయ్యాక సోమవారం నుంచి విరామం. పధ్నాలుగు మంది ఆడవాళ్ళు మూడొందల గంటలు కూర్చుని ఒక గౌను కుడుతున్నారు. అది కొనేవాళ్ళు ప్రపంచంలో ఇరవై మంది. మనం అమ్మేది సెంటు సీసాలు కదా."

"నేను బతికున్నంతకాలం ఆ గది ఉంటుందని ఆర్లెట్‌కు మాటిచ్చాను."

"మీ ఆరోగ్యం చూస్తుంటే అది మాకు పెద్ద ఇబ్బందే," అన్నాడు ఫెరాన్, ఎంతో మర్యాదగా. "సరే, ఒక దారి ఉంది. గొడవ జరిగితే సీసాలు అమ్ముడవుతాయి. గురువారం ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, ఆ మంత్రిలాగా కోపంతో లేచి బయటికి వెళ్ళాలి. గదికి ఇంకో అయిదేళ్ళు ఢోకా లేదు."

ఒక్తావ్ ఊపిరి పీల్చుకున్నాడు. ఒక మనిషికి కోపం తెప్పించడం తనకు వెన్నతో పెట్టిన విద్య. పైగా ఇది ఫ్రాన్సు. రొట్టె మాడితే ఊరేగింపు తీసే దేశం.

ఆ మధ్యాహ్నమే బిషప్ గారికి ఫోన్ చేశాడు.

"ఫాదర్, గురువారం షోలో సిస్టర్ల వేషంలో అమ్మాయిలను చక్రాల బూట్లమీద పరిగెత్తిస్తున్నాను. గౌన్లు మోకాళ్ళ పైకి."

"బావుంది నాయనా. మా మఠానికి నాలుగు పాసులు పంపిస్తావా? సిస్టర్ బెర్నడెట్‌కు ఆ బూట్లు బాగా అలవాటు. కావాలంటే నీ అమ్మాయిలకు నేర్పుతుంది."

తర్వాత రిటైర్డు జనరల్ ఒకాయన. యుద్ధ పతకాలు లోదుస్తులమీద కుట్టిస్తున్నామని చెబితే, నడుము నలభై రెండుకు దొరుకుతుందా అని అడిగాడాయన. ఇంకొకాయన, పాతకాలపు పార్లమెంటు సభ్యుడు, గొడుగు గౌన్ల మీద కేసు వేసిన మనిషి. ఆయన ఇప్పుడు ఆ గౌన్లు పెట్టిన మ్యూజియానికి అధ్యక్షుడు. "నా యవ్వనం అంతా మిమ్మల్ని అసహ్యించుకోవడంలో గడిచిపోయింది మొస్యూ, ఎంత మంచి రోజులవి," అని గద్గదంగా అన్నాడు.

మిగిలింది మంత్రిగారు. ఆవిడ సలహాదారు ఫోన్ ఎత్తాడు.

"ఈసారి మంత్రిగారినే అవమానిస్తున్నాను," అన్నాడు ఒక్తావ్.

"అద్భుతం. ఎన్ని నిమిషాలు?"

"అవమానం అండీ. ఆవిడలాంటి బొమ్మను గాడిదమీద వెనక్కి తిప్పి కూర్చోబెడతాం."

"పోలికలు స్పష్టంగా రావాలి, ఫోటోలు పంపిస్తాను. ఎడమవైపు నుంచి ఆవిడ బావుంటారు. గాడిద మనదేశపుదేనా? అయితే వ్యవసాయ మంత్రికి కూడా చెబుతాను, ఆయనా వస్తారు."

ఒక్తావ్ ఫోన్ పెట్టేసి చాలాసేపు అద్దంలో చూసుకున్నాడు. నలభై ఏళ్ళు కష్టపడి దేశానికి సహనం నేర్పాడు. ఇప్పుడు ఆ సహనమే తన గొంతుకు చుట్టుకుంది. తను వేసిన నిప్పు దగ్గర జనం చేతులు కాచుకుంటున్నారు, వెచ్చగా ఉందని మెచ్చుకుంటున్నారు కూడా. నువ్వు తిరుగుబాటుదారుడివి కాదురా, గదికి హీటరువి అనుకున్నాడు.

బుధవారం సాయంత్రం ఆర్లెట్ పైనుంచి దిగివచ్చింది. తెల్ల పనికోటు, ఎడమ మణికట్టుకు గుండుసూదుల దిండు, మెడలో టేపు. నలుగురిలో ఆయన్ను 'మొస్యూ' అంటుంది, మీరంటుంది. ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం అయస్కాంతంతో సూదులు ఏరిన కుర్రాడితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది.

"ఏవయ్యా, ఎవరైనా దొరికారా కోప్పడేవాళ్ళు?"

"లేరు ఆర్లెట్. అందరూ పాసులడుగుతున్నారు."

"అనుకున్నాను. సరే విను. పధ్నాలుగు మందిమీ మాట్లాడుకున్నాం. రేపు సమ్మె."

"రేపా? షో రోజునా?"

"మరి ఆదివారం చేస్తామా? గౌన్లు పైనే తాళం వేసి ఉంటాయి. ఏడింటికి ర్యాంపు మీదికి మేమే వస్తాం. మమ్మల్ని తీసేస్తున్నారని నలుగురి ముందూ చెప్తాం. మంత్రిగారుంటుంది, పేపర్లవాళ్ళుంటారు. చూద్దాం ఆ సాక్సుల్లేని అబ్బాయి ఏమంటాడో. కెమీల్‌కి ఇద్దరు పిల్లలు. ఫతూమాకి ఇంకా పదేళ్ళ ఇంటి అప్పుంది. నాకంటే ఏముంది, నాకు సూది తప్ప ఏమీ రాదు. ఈ వయసులో ఎవడు పెట్టుకుంటాడు నన్ను?"

ఆ క్షణంలో ఒక్తావ్ మనసులో మొట్టమొదట కలిగినది జాలి కాదు. ఇంత మంచి ఆలోచన తనకెందుకు రాలేదా అనిపించింది. ఆ వెంటనే సిగ్గేసింది. సిగ్గు రెండోది, ఆలోచన మొదటిది. అదీ తన సంగతి.

"నేనూ మీతో వస్తాను," అన్నాడు.

"నువ్వేం రానక్కర్లేదు. నువ్వొస్తే అది షో అయిపోతుంది," అంది ఆర్లెట్.

గురువారం ఏడు గంటలకు దీపాలు ఆర్పారు. దేశం దిగ్భ్రాంతికి సిద్ధంగా కూర్చుంది. ముందు వరసలో మంత్రిగారు, పక్కన వ్యవసాయ మంత్రి, ఆ పక్కన నలుగురు సిస్టర్లు.

సంగీతం లేదు. తెర తొలగించుకుని కెమీల్ వచ్చింది. తెల్ల కోటు, కాళ్ళకు రోజూ వేసుకునే రబ్బరు చెప్పులు, ముఖాన చెమట. వెనకే ఫతూమా, ఆ వెనక మిగతావాళ్ళు. ఏడుగురు కలిసి ఒక పాత దుప్పటి పట్టుకున్నారు. దానిమీద 'ముప్పై ఏళ్ళు కుట్టాం, సోమవారం నుంచి వీధిలో ఉంటాం' అని ఎర్రదారంతో కుట్టి ఉంది. అలవాటైన ప్రాణం కదా, రంగుతో రాయలేకపోయారు.

హాలంతా చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. తెర వెనకనుంచి ఒక్తావ్ తొంగిచూశాడు. జరిగింది, ఇన్నేళ్ళకు నిజంగా జరిగింది అనుకున్నాడు.

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి.

"ఆ చెప్పులు చూశారా," అన్నాడు ఒక విమర్శకుడు పక్కవాడితో. "ఎంత ధైర్యం."

"ఆ చెమట," అన్నాడు పక్కవాడు. "ఎలా చేశారో."

మా దగ్గర షో ఏదైనా ఆఖరున పెళ్ళికూతురు రావాలి. అది తాతలనాటి ఆచారం. పధ్నాలుగో మనిషిగా, తెల్ల కోటులో, డెబ్బై రెండేళ్ళు దాటిన ఆర్లెట్ కొంచెం కుంటుతూ వచ్చింది. "పెళ్ళికూతురు," అని హాలు నిట్టూర్చింది. అందరూ లేచి నిలబడ్డారు. మంత్రిగారు రుమాలు తీశారు.

"మేం మోడల్స్ కాదు," అంది ఆర్లెట్. "మీ బట్టలు కుట్టేవాళ్ళం. మమ్మల్ని పనిలోంచి తీసేస్తున్నారు. ఇది నాటకం కాదు."

చప్పట్లు రెట్టింపయ్యాయి.

"మా మాట వినండమ్మా," అంది ఈసారి మంత్రిగారినే చూస్తూ.

"వింటున్నాం," అన్నారు మంత్రిగారు కళ్ళు తుడుచుకుంటూ. "దేశమంతా వింటోంది. ఇంకోసారి అనండి, కెమెరా ఇటువైపుంది."

ఒక్తావ్ ఇక ఆగలేకపోయాడు. ర్యాంపు మీదికి పరిగెత్తాడు. "ఇది నిజం," అని అరిచాడు. "నిజంగానే తీసేస్తున్నారు. వీళ్ళు ఏడుస్తున్నారు, మీకు కనబడటంలేదా? కూర్చోండి. చప్పట్లు ఆపండి." ఎవరూ ఆపలేదు. షో అయ్యాక డిజైనరు బయటికొచ్చి నమస్కారం పెట్టడం కూడా ఆచారమే కాబట్టి, ఆయన దాన్ని ఇంకాస్త బాగా చేశాడని అనుకున్నారు. ఒక్తావ్‌కు ఒళ్ళు మండిపోయింది. బతుకులో మొదటిసారి నిజంగా కోపం వచ్చి, హాలు మధ్యలోంచి బయటికి నడిచిపోయాడు.

గుమ్మం దగ్గర ఫెరాన్ ఎదురయ్యాడు.

"ఒక మనిషి కోపంతో బయటికొచ్చాడు," అన్నాడు ఒక్తావ్ రొప్పుతూ. "ఇక గది ఉంచు."

"మీరు స్టాఫు కదా," అన్నాడు ఫెరాన్. "స్టాఫు లెక్కలోకి రారు. అయినా బాధపడకండి, గోల చాలా దూరం వెళ్ళింది."

నిజంగానే వెళ్ళింది. మర్నాటి పత్రికలన్నిటా ఆర్లెట్ ఫోటో. 'తొలగింపు' అన్న ఆ కలెక్షన్ ఆయన జీవితంలోకెల్లా గొప్పదని రాశారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఒక్తావ్‌కు తెలియదు. వారం తిరిగేసరికి తెల్ల కోటుకు నాలుగు వేల ఆర్డర్లొచ్చాయి. చెమట మరకతో సహా కావాలని కొందరు అడిగారు.

ఫెరాన్ పధ్నాలుగు మందినీ పిలిపించి కాఫీ ఇచ్చాడు.

"గది మూసేయక తప్పదు," అన్నాడు. "మీరే చెప్పారు కదా ఇది నిజమని. ఇప్పుడు ఉంచితే జనాన్ని మోసం చేసినట్టవుతుంది. కానీ మిమ్మల్ని మేం వదులుకోం. మిలన్, సియోల్, టోక్యో, ఎనిమిది ఊళ్ళు. రోజూ సాయంత్రం ఏడింటికి మిమ్మల్ని తీసేస్తాం. జీతం ఇప్పటికి రెండింతలు."

కెమీల్ కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఆర్లెట్ మాత్రం ఒక్తావ్‌కేసి తిరిగింది.

"ఏమంటారు మొస్యూ?"

నలుగురిలో కాబట్టి మొస్యూ అంది. ఒక్తావ్ అలవాటు కొద్దీ కిటికీలోంచి దూరంగా చూశాడు. ఆయన ఒప్పుకున్నాడని ఫెరాన్ రాసుకున్నాడు. పధ్నాలుగు మందీ సంతకాలు పెట్టారు, ఆర్లెట్ కూడా. ఇద్దరు పిల్లలున్నారు కెమీల్‌కు, ఏం చేస్తుంది మరి.

టోక్యోలో నాలుగో ఆట. ఏడు గంటలవడానికి అయిదు నిమిషాలుంది. పధ్నాలుగు మందీ తెర వెనక వరసగా నిలబడ్డారు. కొత్త కోట్లు ఏదో ఫ్యాక్టరీలో మిషను మీద కుట్టి తెచ్చినవి. ఆర్లెట్ తన కోటు అంచు చూసుకుంది. కుట్టు ఊడి రెండు వేళ్ళమేర కిందికి వేలాడుతోంది. నాలుక చప్పరించి, వంగి, మణికట్టు మీది దిండులోంచి సూది లాగబోయింది. రాలేదు. ఇంకొకటి లాగింది, అదీ రాలేదు. అన్నిటినీ గట్టిగా అతికించేశారు.

"ఒక సూది ఇస్తారా బాబూ," అని అడిగింది, చెవిలో మైకు పెట్టుకుని తిరుగుతున్న మేనేజర్ని. "ఒక్క నిమిషం పని."

"అయ్యో, ముట్టుకోకండి మదామ్," అన్నాడు అతను కంగారుగా. "కుట్టడానికి వేరే మనిషి ఉన్నారు. మీరు వెళ్ళండి, మిమ్మల్ని తీసేసే టైమయింది."